గ్రాఫులో పడని చుక్క

రాళ్లు కోసి నునుపు చేసే మా ఫ్యాక్టరీలో ఆమెను అందరూ ఊదమ్మ అనేవాళ్లు. ఏడాదికోసారి కార్మికులందరి చేతా గొట్టంలోకి ఊదించి, ఊపిరి బలం కొలవడం ఆమె పని. "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అని పెట్టే కేకలు గేటు దాకా వినిపించేవి. అదే గదిలో మందులిచ్చే నాకు ఆ వారమంతా చెవులు గింగురుమనేవి. ముక్కుసూటి మనిషి. సొంతవాళ్లయినా సరే, వరుస తప్పించి ముందుకు పంపేది కాదు.

నలభై ఒక్క మందీ ఊదాక కంప్యూటర్లో గ్రాఫు గీసేది. మనిషికో చుక్క. ఊపిరి ఎంత బాగుంటే చుక్క అంత పైన. నూటికి డెబ్బై దగ్గర ఎర్ర గీత. దాని కింద పడ్డవాళ్లను దుమ్ము షెడ్డులోంచి తీసి బయటి పనికి మార్చాలని రూలు. మేనేజరు అంకెల జోలికి పోడు, గ్రాఫే చూస్తాడు.

ఆమె అన్న ఆ షెడ్డులోనే పందొమ్మిదేళ్లుగా రాయి నూరుతున్నాడు. పెళ్లాం పోయాక చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాడు. ఒక ఏడాది ఆయన ఊదింది యాభై రెండు. అది గీతకు చాలా కిందని ఊదమ్మకు తెలుసు. అయినా మేనేజరు దగ్గర నోరు విప్పలేదు. అన్నకు సిఫార్సు చేసిందన్న మాట పడటం ఇష్టంలేక, గ్రాఫే చెబుతుందిలే అనుకుంది. నలుగురిని మార్చారు. అందులో అన్న లేడు. పైవాళ్లకు ఏదో కారణం ఉంటుందని ఆమె సరిపెట్టుకుంది. ఏదైనా ఉంటే చెల్లెలే చెబుతుందని ఆయన ధీమాగా ఉన్నాడు. అలా ఏడాది గడిచిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, వాళ్లిద్దరి మీదా, పక్కనే ఉండి అడగని నా మీదా.

మరుసటి ఏడు ఆయన ముప్పై ఎనిమిది ఊదాడు. ఈసారి ఆమె ఆగలేదు. నేనూ వెంట వెళ్లాను. మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కిందటేటి గ్రాఫు తీశాడు. ఎర్ర గీత కింద నాలుగే చుక్కలున్నాయి, మీ అన్న ఎక్కడమ్మా అన్నాడు. ఆమె వేలు పెట్టి చుక్కలన్నీ లెక్కపెట్టింది. నలభై. మళ్లీ లెక్కపెట్టినా నలభైయే.

గదికి వచ్చి కంప్యూటర్లో అదే గ్రాఫు తెరిచాం. చుక్కలు విడివిడిగా కనిపించాలని, ఆమెకు ముందు పనిచేసినాయన నిలువు గీతను అరవై నుంచి మొదలుపెట్టాడు. అంతకు తక్కువ ఊదినవాడు గ్రాఫులోకే రాడు. ఆమె అరవై చెరిపి సున్నా పెట్టింది. మిగతా చుక్కలన్నీ పైకి జరిగి గుంపయ్యాయి. వాటికి కింద విడిగా ఒక్క చుక్క కనిపించింది.

వారంలో అన్నను గేటు పనికి మార్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. అక్కడ ఊరికే కూర్చోవడానికి కూడా ఊపిరి చాలక, నెల తిరక్కుండానే మంచం పట్టాడు. ఒక సాయంత్రం మందులివ్వడానికి వెళ్లాను. ఊదమ్మ మంచం పక్కన కూర్చుని, అరవై సంగతీ సున్నా సంగతీ అన్నకు చెప్పేస్తోంది. నీ చుక్క నాకు కనపడలేదన్నయ్యా అని ఏడ్చింది.

ఆయన కోప్పడలేదు. దమ్ము తీసుకుని మెల్లగా అడిగాడు.

"నీ పక్కనే కూర్చుని తింటూ రోజూ దగ్గాను కదే. అదీ వినపడలేదా?"

ఆయన పోయి రెండేళ్లయింది.