శకుంతల టీచర్ ఒప్పుకున్న తప్పు

నాంపల్లి మెట్రో స్టేషన్‌లో రైలు తలుపులు మూసుకునే ముందు వచ్చే ఆ చప్పుడు వినగానే నా చెయ్యి కూతురి భుజాన్ని వెతుక్కుంటుంది. ఆమె నాతో లేని రోజు కూడా అంతే. బ్యాంకాక్‌లో ఒక మధ్యాహ్నం అలాంటి చప్పుడే విని కూడా నేను పక్కకు చూడలేదు. తొమ్మిదేళ్ల సహస్రను ప్లాట్‌ఫారం మీద వదిలేసి రైలెక్కాను. ఆ తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు.

పిల్లలతో మేము వెళ్లిన మొదటి విదేశీ ప్రయాణం అది. నాలుగేళ్ల కొడుకు నా భుజం మీద నిద్రపోతున్నాడు. నా కళ్లు ఫోన్‌లోని మ్యాపు మీద ఉన్నాయి. నా భార్య రజిత సంచులతో నా వెనకే ఎక్కింది. సహస్ర గోడ మీది రంగురంగుల రైలు దారుల పటం చూస్తూ నిలబడిపోయింది. తలుపులు మూసుకున్నాక అద్దంలోంచి ఆమె మొహం కనబడింది. తర్వాతి స్టేషన్‌లో దిగి, ఎదురు రైలు పట్టుకుని వెనక్కి వచ్చాం.

పాప వదిలిన చోటే ఉంది. స్టేషన్ కాపలా మనిషి ఒకామె తన చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ దగ్గరికి తీసుకోవలసింది పోయి, వీపు మీద ఒక్కటి వేశాను.

"కండ్లు ఏడవెట్టుకున్నవ్?"

"నువ్వే వెనక్కి చూడలే నాన్నా," అంది.

సాయంత్రం అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ, "నీ మనవరాలు తప్పిపోయిందే, మళ్ల దొరికింది" అని నవ్వాను. ఫోన్ పెట్టేశాక శకుంతల టీచర్ గుర్తొచ్చారు. ఆ నవ్వు మీద అసహ్యమేసింది.

నా చిన్నప్పుడు అబిడ్స్ వెనక సందులో మా పక్కింట్లో ఉండేవారామె. లెక్కల టీచరు, ఒంటరి మనిషి. ఏటా మా సందు పిల్లలందరినీ నాంపల్లి ఎగ్జిబిషన్‌కు నడిపించుకుపోయేవారు. అందరికన్నా చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు వాళ్ల వెనక, అందరికన్నా వెనక ఆమె. చేతిలో సంచి కూడా ఉండేది కాదు.

"టీచర్, మీరు ముందల నడవరేంది?" అని ఒకసారి అడిగాను.

"ముందల నడిస్తే మీ తలకాయలెట్ల లెక్కవెట్టాలె రా? నాకు వీపుకు కండ్లున్నయా?"

అంత జాగ్రత్త మనిషీ ఒక ఏడాది గాజుల దుకాణం దగ్గర ఆగి, రెండు నిమిషాలు మమ్మల్ని మరిచిపోయారు. నేను బొమ్మ రైలు వెంట పోయి తప్పిపోయాను. మైకులో నా పేరు చెప్పాక ఆమె రొప్పుతూ వచ్చారు. దెబ్బలు ఖాయమనుకున్నాను. "నీళ్లు తాగుతవా బిడ్డా?" అన్నారు, అంతే.

ఇంటికి రాగానే సంగతి విని అమ్మ నా మీదికి చెయ్యెత్తింది. సందంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది. టీచర్ మధ్యకు వచ్చారు.

"వాన్నేమనకు లక్ష్మీ. గాజులు సూసుకుంట నేనే నిలవడ్డ. తప్పు నాది."

అమ్మ చెయ్యి దిగిపోయింది. అంతమంది ముందు ఒక పెద్ద మనిషి అలా అనవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. తెలిసీ ముప్పై ఏళ్ల తర్వాత నేను అనలేకపోయాను.

హోటల్ గదిలో సహస్ర ముందు మోకాళ్ల మీద కూర్చుని, తప్పు నాదేనని చెప్పాను. "మరి నానమ్మకు నేను తప్పిపోయిన్నని చెప్పినవ్ కదా?" అంది. మర్నాటి నుంచి ఆ ఊళ్లో ఎక్కడికెళ్లినా పిల్లలే మా ముందు నడిచారు. అయినా ఆ ప్రశ్నకు నేనింకా జవాబు బాకీ ఉన్నాను.

తిరిగొచ్చిన ఆదివారం అందరం అమ్మ ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. మా తమ్ముడు శ్రీను మొదలుపెట్టాడు. "ఏమే తప్పిపోయిన పిల్లా, అబిడ్స్‌ల వదిలేస్తే ఇల్లు సేరుతవా?"

అందరూ నవ్వారు. సహస్ర తల వంచుకుని మెతుకులు కెలుకుతోంది.

"అది తప్పిపోలేదు రా," అన్నాను. "ఫోన్ సూసుకుంట నేనే దాన్ని వదిలేసి రైలెక్కిన. అది ఉన్న కాడనే ఉన్నది. మల్ల నేనే దాన్ని కొట్టిన."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "గట్లయితే పిల్లనెందుకు కొట్టినవ్ రా?"

"సిగ్గయి కొట్టిన అమ్మా."

సహస్ర తలెత్తి నా వైపు ఒకసారి చూసింది. తర్వాత పళ్లెం ముందుకు జరిపి, "నానమ్మా, ఇంకింత పప్పు" అంది.