ముఖానికి ఎంత దూరంలో నిలబడాలె

మా స్టూడియో కాక మంగళవారం పొద్దున పోయిండు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఆసుపత్రికి తీసుకపోతే, మూడో రోజు ప్రాణం విడిచిండు.

నాకు సొంత కాక కాదు. మాలాగే నేత పని మీద తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన కుటుంబం వాళ్లది. ఆ ఊళ్లోనే ఖటోదరాలో చిన్న ఫోటో స్టూడియో నడిపిండు. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడుకు నా చెవులు దెబ్బతిని, నలభై దగ్గరపడ్డ వయసులో పని మానేసి కూర్చుంటే, పిలిచి కెమెరా చేతిలో పెట్టిండు. "చెవులు పోతే పోయినయ్. కండ్లున్నయ్ గద" అన్నడు.

ఎవరి ఫోటో తీసినా కాక వాళ్ల దగ్గరికి పోయేవాడు కాదు. వీపు గోడకు తగిలేదాకా వెనక్కి నడిచి, దూరం నుంచి తీసే ఎనభై ఐదు నంబరు లెన్సుతో తీసేవాడు. మొదట్లో నేను ఇరవై నాలుగు నంబరు వెడల్పు లెన్సు పెట్టి ముఖం మీదికి పోయేవాణ్ణి. ముక్కు ముందుకు పొడుచుకొచ్చేది, చెవులు వెనక్కి మాయమయ్యేవి.

"తప్పు లెన్సుది గాదు బిడ్డా. అది నిన్ను యాడ నిలబెడ్తదో అండ్లనే ఉన్నది కత. మనిషిని మనిషి చూసే దూరం ఒకటుంటది. గాడ నిలబడు" అనేవాడు.

ఆ మాట వెనక ఏమున్నదో చాలా రోజులకు తెలిసింది.

పోలీసులు పిలిస్తే గుర్తు తెలియని శవాల ఫోటోలు తీసేది కాకనే. నేను చేరకముందు, ఒక ఎండాకాలం, రింగ్ రోడ్ మీద ఒకాయన వడదెబ్బకు పడి చనిపోయిండు. జేబులో కాగితం లేదు, ఫోన్ లేదు. శవాల గది ఇరుకు. వాసనకు ఆగలేక, కాక వెడల్పు లెన్సు పెట్టి, ముఖం మీదికి వంగి రెండు ఫోటోలు కొట్టి బయటపడ్డడు.

నాలుగు రోజులకు తెలంగాణలోని ఊరి నుంచి ఒకామె వచ్చింది. సూరత్ పక్కన జోల్వాలో సాంచాలు నడిపే భర్త ఫోన్ ఎత్తుతలేడని వెతుక్కుంటూ వచ్చింది. స్టేషన్‌లో ఆ ఫోటో చూపించిన్రు. "మా ఆయన గాదు సార్. మా ఆయన ముక్కు గిట్లుండదు" అన్నది. కొంగుతో ముఖం తుడుచుకొని, దేవునికి దండం పెట్టి బయటికి నడిచింది. ఎవరూ రాలేదని శవాన్ని దహనం చేసేసిన్రు. రెండు నెలల తర్వాత ఆమె మళ్లీ అడగడానికి పోతే, దాచిపెట్టిన బట్టల మూట విప్పిన్రు. చంక దగ్గర చిరుగును తన చేతితోనే కుట్టిన అంగీ అందులో ఉన్నది.

కానిస్టేబుల్ ఈ సంగతి మాటల మధ్య చెప్పిండు. కాక రెండు రోజులు షట్టర్ ఎత్తలేదు. మూడో రోజు తన ముఖాన్నే రెండు ఫోటోలు తీయించుకొని, ఆమె ఉంటున్న మరిది గది వెతుక్కుంటూ జోల్వా పోయిండు. అక్కడ ఏం జరిగిందో నాకు ఆమెనే చెప్పింది.

"చెల్లె, ఈ రెండిట్ల నేనేది" అని రెండు ఫోటోలు ముందు పెట్టిండట. ఆమె ఒకటి చూపించింది.

"రెండూ నేనే. ఒక్క పూటనే తీసినయ్. ఈ రెండోది, నీ పెనిమిటికి తీసినట్టు దగ్గర నిలబడి తీసింది. ఆ ఫోటో తీసినోణ్ణి నేనే."

ఆమె ఆ రెండో ఫోటోను చేతిలోకి తీసుకున్నది. "కట్టుకున్నోణ్ణే గుర్తుపట్టలేదని మా అత్త ఫోన్ల దినాం అంటది. నేనూ గట్లనే అనుకుంటున్న."

"నువ్వు సరిగ్గనే చూసినవ్. నేనే తప్పు చూపించిన. మీ అత్తకు నేను చెప్త."

ఊరికి పోయి చెప్పిండు కూడా. ఆ ముసలామె చీపురు విసిరి కొట్టింది. కాక కదలలేదు. ఆమె అలిసి కూర్చున్నాక మొత్తం చెప్పి వచ్చిండు.

కాకను మాఫ్ చేసినవా అని జోల్వాలో ఆమెను ఒకసారి అడిగిన. "మాఫ్ చేసుడేంది? కడసారి చూపు దొరకలే నాకు. కానీ వచ్చి చెప్పిండు. ఎవ్వలు చెప్తరు గట్ల?" అన్నది. భర్త చివరి ఫోటో అని ఆ తప్పు ఫోటోనే అడిగి తీసుకున్నది. వేరేది లేదు మరి.

కాక ఆ పని మానలేదు. నన్ను వెంట తీసుకపోయేవాడు. తడిగుడ్డతో ముఖం తుడిచి, తల దువ్వి, పొడుగు స్టూలు ఎక్కి పైనుంచి తీసేవాడు. "జల్దీ కరో చాచా" అని పోలీసులు తొందరపెట్టి గదిమినా దిగేవాడు కాదు. ఆయాసంతో రొప్పుతూ, "వీని తల్లి చూస్తది" అనేవాడు. ఎంతో మందికి ఎవరూ రాలేదు. తల్లులు చూడని ఫోటోలే ఎక్కువ.

మంగళవారం పాడె ఎత్తే ముందు జోల్వా నుంచి ఆమె వచ్చింది. ఏడవలేదు. ఎవరో గుప్పెళ్లతో బంతిపూల రెక్కలు చల్లుతుంటే, కాక కండ్ల మీద, నుదుటి మీద పడ్డవాటిని ముఖం కనబడేటట్టు ఒక్కొక్కటే ఏరి తీసింది. మగవాళ్లు పాడెను భుజాలకు ఎత్తుకున్నరు. ఆమె మునివేళ్ల మీద లేచి, చెయ్యి చాపి, ఇంకా ఏరుతూ నాలుగడుగులు పక్కన నడిచింది.