ఓడకు వినపడకుండా

ముఖ్తార్ చాచాకు ఉన్నది ఒకటే పట్టింపు. ఓడను ఎంతైనా తిట్టుకోవచ్చు గాని, ఓడకు వినపడేట్టు తిట్టకూడదు. నోరు దురద పెట్టినవాడు పక్కన కట్టి ఉన్న చిన్న పడవలోకి దిగాలి, మనిషి గొంతు అందనంత దూరం పోవాలి, అక్కడ కడుపు నిండా తిట్టుకుని, సముద్రపు నీళ్ళతో నోరు పుక్కిలించి వెనక్కి రావాలి. తెడ్డు వేసేది చాచానే. ఈ విషయంలో ఆయన ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు, కెప్టెనుతో సహా.

నర్సింలుకు ఇది ఓడ ఎక్కిన మొదటిరోజే తెలిసింది. ఆర్మూరు పక్క పల్లె నుంచి వచ్చి, దోహా బయట బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో ఉంటూ సైటు పనులు చేసుకునే మనిషి అతడు. కంపెనీకి ఒక పాత సరుకుల ఓడ కూడా ఉందని, దాని తుప్పు గీకాలని, పదిహేను రోజుల డ్యూటీ అని చెప్పి పంపారు. సముద్రపు గాలికి చల్లగా ఉంటుందని సంబరపడి రెండు జతల బట్టలతో వచ్చాడు. వచ్చి సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడో లేదో, సుత్తి రేకులోంచి అవతలికి పోయింది.

"వారీ, ఇది ఓడనా, బొక్కల గంపనా?" అన్నాడు నర్సింలు.

ఇంజన్ రూమ్‌లోంచి తెల్లగడ్డం మనిషి ఒకడు పరుగున వచ్చి అతని నోరు మూసేశాడు. ఆయనే ముఖ్తార్ చాచా, బోధన్ మనిషి, ఆ ఓడ మీద ఇంజన్‌కు నూనె పోస్తూ జుట్టు తెల్లబడ్డవాడు. "ఆగు భాయ్. వింటది. పడవెక్కు."

"ఎవరు వింటరు?"

"ఎక్కు ముందుగాల."

నీళ్ళ మీద చాలా దూరం తీసుకుపోయి చాచా తెడ్డు ఆపాడు. "ఇగ చెప్పు."

"బొక్క పడ్డది."

"ఎంత?"

"నా పిడికిలంత."

"ఇంకా?"

"గంతే చాచా."

చాచాకు ఒళ్ళు మండింది. "ఒక్క బొక్క కోసం గింత దూరం తెడ్డేపిస్తవా? నీకు దయ లేదా? వచ్చినం గద, ఇంకో నాలుగు తిట్టు." తిట్టడానికి నర్సింలుకు ఇంకేమీ తోచలేదు. చివరికి కంపెనీ మేస్త్రీని తిట్టి సరిపెట్టుకున్నాడు.

చాచా చెప్పే లెక్కలో ఆ ఓడ బతుకు చాలా పెద్దది. పుట్టింది జపానులో. ముక్కు మీద మూడు పేర్లు ఒకదాని మీద ఒకటి రంగేసి ఉండేవి, రంగు రాలిన చోటల్లా పాత పేరు ముక్కలు బయటికి తొంగిచూసేవి. వయసులో ఉన్నప్పుడు ఎర్రసముద్రంలో గొర్రెలను మోసింది. తర్వాత బస్రా ఖర్జూరాలు, కరాచీ ఉల్లిగడ్డలు మోసింది. దోహాలో ఫుట్‌బాల్ ఆటల కోసం ఊరంతా తవ్వి కట్టుకుంటున్న రోజుల్లో, పక్క దేశాల కొండలు పగలగొట్టిన నల్లకంకరను ఊపిరాడకుండా మోసింది. ఆ కంకర మీద రోడ్లు లేచాయి, దీని నడుము కూలింది. ఆటలు ముగిశాక కంకర కావాలనేవాడు లేడు. యజమాని దాన్ని రువైస్ రేవుకు బయట లంగరు వేయించి, తన ఫోన్ నంబరు మార్చేశాడు.

నర్సింలు పదిహేను రోజులు ముగియకముందే యజమాని ఇలా మాయమయ్యాడు. లంగరు వేసిన ఓడను మనుషులు లేకుండా వదలకూడదని రూలు. ఒకడు దిగాలంటే వాడి బదులు ఇంకొకడు ఎక్కాలి. ఎక్కేవాణ్ణి పంపాల్సిన యజమానే మాయమయ్యాడు. ఆఫీసువాళ్ళు నర్సింలు పేరును కూడా ఓడ సిబ్బందిలో రాసేశారు. అలా తుప్పు గీకడానికి వచ్చినవాడు ఈత కూడా రాకుండానే నావికుడయ్యాడు. కనుచూపు మేరలో ఒడ్డు, దాని మీద తిరిగే కార్లు. ఓడ మీద కాళ్ళు కాలే ఇనుము, ఎనిమిది మంది మనుషులు, వాళ్ళను ఎవరు దింపుతారో ఎవరికీ తెలియదు.

ఆ ఇనుము మీద చాచా చట్టం గట్టిగా నడిచింది. ఓడ మీద ఉన్నంతసేపు మంచి మాటలే మాట్లాడాలి. జనరేటర్ ఆగిపోతే, "జనరేటర్ రెస్టు తీస్కుంటున్నది" అనాలి. అడుగున నీరు ఊరుతుంటే, "అమ్మగారు కొంచెం దాహం తీర్చుకుంటున్నారు" అని కెప్టెన్ రామకృష్ణారావు పళ్ళు బిగించి చెప్పేవాడు. ఆయనది కాకినాడ. మొదట్లో ఆయన ఎదురు తిరిగాడు.

"నేను కెప్టెన్నయ్యా. నా ఓడ మీద నిలబడి నా ఓడ సంగతి నేను మాట్లాడకూడదా?"

"మాట్లాడు సాబ్. పడవల."

"వెళ్ళవయ్యా, నీకు మతి పోయింది."

నీళ్ళు తోడే పంపు చచ్చిన రోజున కెప్టెనే చెప్పులు చేత పట్టుకుని పడవలోకి దిగాడు. ఇద్దరూ చాలాసేపటికి వచ్చారు. కెప్టెను కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎండ," అన్నాడాయన ఎవరూ అడగకుండానే. ఏమని తిట్టాడని నర్సింలు చాచాను చాటుగా అడిగాడు.

"ఇంజన్‌కు నీతి లేదన్నడు," అన్నాడు చాచా.

"గంతసేపా?"

"ఇంజన్ పెద్దది గద."

అందరూ నవ్వుకున్నారు. ముసలాయనకు ఎండ దెబ్బ తగిలి ఈ పిచ్చి పట్టిందని తేల్చేశారు. నవ్వుకోవడానికి వాళ్ళకు అక్కడ ఇంకేం లేదు.

ఓడ బాగోగులు చూడాల్సిన ఏజెంటు ఫరీదుద్దీన్ హైదరాబాదువాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. రేవు నుంచి తనిఖీ ఆఫీసరు ఎప్పుడొచ్చినా ఆయన భుజానికి భుజం రాసుకుంటూ తిరిగేవాడు. ఒకసారి కామారెడ్డి కుర్రాడు మారుతి, ఓడ మీద వెల్డర్, ధైర్యం చేసి ఆఫీసరుకు చెప్పాడు, తాగే నీళ్ళు చాలడం లేదని. ఫరీదుద్దీన్ నవ్వుతూ విన్నాడు. ఆ తర్వాత నీళ్ళు తెచ్చే బోటు రావడమే మానేసింది. అన్నం సగం ఉప్పునీళ్ళతో వండుకున్నారు. పెదవులు పగిలి నెత్తురు కారింది. మారుతిని ఎవరూ ఒక్క మాట అనలేదు, అందుకే వాడు ఇంకా కుంగిపోయాడు.

ఒక మధ్యాహ్నం మారుతి రెయిలింగు దాటి అవతలి అంచున నిలబడి కిందికి చూస్తున్నాడు. నర్సింలు అడుగు వేయబోయి ఆగాడు, ఎక్కడ బెదిరి దూకుతాడోనని. చాచా మాత్రం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నింపాదిగా వచ్చాడు.

"మారుతీ, గా మొఖమేంది? ఓడ చూస్తే పరేషాన్ అయితది. నడువ్, పడవెక్కుదాం."

"నాకేం తిట్టేది లేదు చాచా."

"నాకున్నది. మేస్త్రీలను తిట్టుడు నాకు సరిగ రాదు, నువ్వు నేర్పాలె."

మారుతి అటువైపు నుంచి ఇటువైపుకు వచ్చాడు. ఆ రోజు పడవ పొద్దు వాలేదాకా తిరిగి రాలేదు.

ఆ తర్వాత నర్సింలు వంతు వచ్చింది. ఇంటి నుంచి గంగామణి ఫోన్ చేసింది. ఆమెకు కడుపులో గడ్డ ఉందని, తొందరగా తీసెయ్యాలని నిజామాబాదు డాక్టరు చెప్పాడు. ఆమె వినడం లేదు.

"నువ్వొచ్చినంకనే చేపిచ్చుకుంట," అంది.

"నేనెప్పుడొస్తనో నాకే తెల్వదు. నువ్వు పో."

"నాకేమన్న అయితే పిల్లలను ఎవలకు అప్పజెప్పాలె? నువ్వు రా. గంతే." ఫోన్ పెట్టేసింది.

నర్సింలు మొహం చూసి చాచా తెడ్డు అందుకున్నాడు. పడవలో నర్సింలు ఓడను తిట్టడం మొదలుపెట్టాడు, ఓడ నుంచి యజమానికి, యజమాని నుంచి తన నొసటి రాతకు వచ్చి, అక్కడ వెక్కి వెక్కి ఏడ్చాడు. చాచా ఓదార్చలేదు. ఏడుపు అయిపోయేదాకా సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

"పేరేంది?" అన్నాడు చివరికి.

"ఎవరిది?"

"నీ ఇంటామెది."

"గంగామణి."

"ఏ దవాఖాన?"

"గది ఓడకెందుకు చాచా?"

"ఊకె అడిగిన." నర్సింలు దవాఖాన పేరు కూడా చెప్పాడు.

మళ్ళీ తనిఖీ ఆఫీసరు వచ్చాడు. ఈజిప్టు మనిషి, ఎండకు అలసిపోయి ఉన్నాడు. పక్కన ఫరీదుద్దీన్ ఉన్నాడు. ఏమైనా చెప్పాలా అని ఆఫీసరు అడిగితే కెప్టెన్ తన చెప్పులు చూసుకున్నాడు, మారుతి ఆకాశం చూశాడు. నీళ్ళ బోటు అందరికీ గుర్తుంది. పంపు పనిచేస్తుందా అని ఆఫీసరు అడిగాడు. చాచా నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"ఓడ ముందర చెప్పరాదు. వింటది. పడవల చెప్త," అన్నాడు తనకొచ్చిన అరబ్బీలో.

ఫరీదుద్దీన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "బుడ్ఢాకు దిమాగ్ ఖరాబ్ అయింది సార్. పోయి రండి, తమాషా ఉంటది." తను మాత్రం దిగలేదు. పడవ అడుగున నీళ్ళు, కాళ్ళకు కొత్త బూట్లు. నీడ చూసుకుని కూర్చుని చాయ్ తెమ్మన్నాడు. ఆఫీసరు కూడా నవ్వుతూనే పడవలోకి దిగాడు.

ఆ రోజు చాచా తెడ్డును నర్సింలు చేతిలో పెట్టాడు. "నువ్వేయి. నాకు మాట్లాడే పని ఉన్నది."

మనిషి గొంతు అందనంత దూరం పోయాక ఆఫీసరు పెన్ను తీశాడు. "సరే హాజీ, చెప్పు. పంపు సంగతేంటి?"

చాచా మొహంలో పిచ్చి అన్నది మచ్చుకైనా లేదు. అరబ్బీలో మెల్లగా, వరుసగా చెప్పుకుంటూ పోయాడు. నర్సింలుకు ఆ భాష సగమే తెలుసు. పంపు మాట వస్తుందని చూశాడు, రాలేదు. ఇంజన్ మాటా రాలేదు. కెప్టెన్ పేరు వచ్చింది, షుగర్ మాత్రలు అయిపోయాయని, ఇంటికి చెప్పుకోలేక ఏడుస్తాడని. మారుతి పేరు, రెయిలింగు, ఆగిపోయిన నీళ్ళ బోటు. వంటవాడి పుచ్చిపోయిన పన్ను, దాన్ని వాడు పట్టకారుతో పీక్కోబోవడం. తర్వాత ఆ అరబ్బీ మధ్యలో గంగామణి పేరు వినబడింది, ఆ వెంటనే దవాఖాన పేరు. నర్సింలు తెడ్డు ఆగిపోయింది. పడవ దానంతట అదే మెల్లగా తిరిగింది.

ఆఫీసరు నవ్వడం ఎప్పుడో మానేశాడు. "ఓడ సంగతి?" అన్నాడు.

"అది ముసలిది సాబ్. దాని పని అయిపోయింది. మనుషులను దింపుర్రి."

తిరిగి వచ్చాక ఫరీదుద్దీన్ అడిగాడు, "క్యా సార్, ఏమన్నాడు?" ఆఫీసరు బూట్లలోని నీళ్ళు వంపుకుంటూ, "ఓడ గురించి పెద్దగా ఏమీ అనలేదు," అన్నాడు. అందులో అబద్ధం లేదు.

మరుసటి రోజే నీళ్ళ బోటు వచ్చింది, దాంతో ఒక డాక్టరు. కొన్ని వారాలకు ఆర్డరు వచ్చింది. కాపలాకు వేరే మనుషులు ఎక్కుతారు, సిబ్బంది దిగి బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో టికెట్లు వచ్చేదాకా ఉండాలి, ఓడను ముక్కలు కొట్టే చోటికి లాక్కుపోతారు. మొదటి టికెట్టు నర్సింలుది. గంగామణి దవాఖానలో చేరే రోజు ఖాయం చేసుకుంది.

దిగే రోజున లాంచి ఎక్కాక నర్సింలు చాచా పక్కనే కూర్చున్నాడు. లాంచి కదలగానే అడిగాడు.

"చాచా, ఓడకు నిజంగనే వినపడుతదా?"

"పాగల్. ఇనుముకు చెవులుంటయా? మీకున్నయి. ఒక్కడు ఓడ మునుగుతది అంటే ఏడుగురికి నిద్ర పట్టది. ఒక్కడు ఏడ్వంగ చూస్తే మిగతోళ్ళ గుండె జారుతది. ఏడ్వకపోతే ఆ ఒక్కడు బతకడు. మొగోళ్ళు ఏడ్వనీకి పడవెక్కుర్రి అంటే ఎక్కుతరా? తిట్టనీకి అంటే ఎక్కుతరు."

 తను, కెప్టెను, మారుతి, అందరూ ఇన్నాళ్ళూ నవ్వింది ఎవరిని చూసో తలచుకుంటే నర్సింలుకు సిగ్గేసింది, ప్రేమా పొంగింది.

"మరి నువ్వెన్నడు తిట్టలే?"

"నన్నెవరు తీస్కపోతరు? తెడ్డు నాదే గద."

"ఇప్పుడు లాంచి నడిపేటాయన వేరే ఉన్నడు గద. తిట్టు చాచా. నేను వింట."

చాచా వెనక్కి తిరిగి ఓడను చూశాడు. గొర్రెలు, ఖర్జూరాలు, కంకర మోస్తూ ఆయన వయసు మొత్తం దాని మీదే పోయింది. గొంతు సవరించుకున్నాడు. చేయి ఎత్తాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని లాంచి నడిపేవాడి భుజం తట్టాడు.

"జర ఇంకొంచెం దూరం పోనీ భాయ్."