పెళ్లి గుండిగలో నీళ్లు

ఎనభైల్లో ఒక వానాకాలం, బొంబాయి కామాటిపురాలో, తెలుగువాళ్లే ఎక్కువగా ఉండే చాల్‌లో, అంటే వరస గదుల మేడలో, బంధువుల ఇంట్లో దిగాను. రెండో రోజే ఇంటింటా వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పక్కింటి బాలమణి పిల్లలతో పాలమూరు పోదామని మూట కట్టింది. భయంతో నేనూ సంచి సర్దాను.

మెట్ల మీద పెద్దామె లచ్చవ్వ అడ్డంగా కూర్చుంది. “మీరు రైలెక్కితే రోగం గూడ ఎక్కుతది. ఊర్ల ఉన్నోళ్లేం పాపం జేసిన్రు?”

“మరి ఈడనే సావాల్నా అవ్వా?” అంది బాలమణి.

“ఎందుకు సస్తం? కాగిన నీళ్లు తాగుదం. కింది మరాఠోళ్లను గూడ పిలువు, నల్లా ఒక్కటే గదా.”

మనవాళ్ల పెళ్లిళ్లకు తప్ప బయటికి తీయని పెద్ద గుండిగను లచ్చవ్వ పొయ్యి మీదికి ఎక్కించింది. మరాఠీవాళ్లు కట్టెలు తెచ్చారు. బాలమణి మూట విప్పి బిందె తీసింది. ఆమె వెనక వరసలో నేనూ చెంబు పట్టుకుని నిలబడ్డాను.