కాపిన బేస్ గిటారు

మా అన్న ఏనాడూ బేస్ గిటారు వాయిస్తానని అనలేదు. కొడతానని అనేవాడు. నన్ను కొట్టేదీ ఆ చేతితోనే కాబట్టి నాకు ఆ మాటలో పెద్ద తేడా కనిపించేది కాదు. నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు. చెంప మీద ఒకటి పడితే చేతికి ఏది అందితే అది విసిరేదాన్ని. సారపాకలో మా కిరాయి గది గోడలకు పెచ్చులు, మా చెంబులకు సొట్టలు. ఇల్లుగలామె కిరాయికి వచ్చినప్పుడల్లా గోడలు చూసి, "మనుషులున్నరా ఈ ఇంట్ల, దున్నపోతులున్నయా?" అని అడిగి పోయేది.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయన వెదురు లారీలు దించే కూలిపనికి వెళ్లేవాడు. అన్న పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నాను. ఎనభైల చివరి సంగతి ఇది.

ఆ గిటారు కొనడమే ఒక తగాదాతో జరిగింది. ఆర్కెస్ట్రా నడిపే పెద్దమనిషి అన్నను వెంటబెట్టుకొని సికింద్రాబాదు పోయాడు. దుకాణంలో సెకండ్‌హ్యాండ్‌వి రెండు ఉన్నాయట. ఒకటి తేలిక. తీగలు మెడకు దగ్గరగా ఉండి, వేలు ఆనిస్తే పలికేది. రెండోది ఎర్రది, బరువు, మెడ వంగకుండా ఆపే ఇనుప కడ్డీ కూడా లేని చవక రకం. దాని తీగలు మెడకు ఎంతో ఎత్తున ఉండి, బలంగా నొక్కితే గానీ లొంగేవి కావు. పెద్దమనిషి మొదటిది తీసుకొమ్మన్నాడు. "అది ఆడపిల్లలు కొట్టేది" అని అన్న ఎర్రదాన్ని పట్టుకొచ్చాడు. తీగ ఎత్తున ఉంటేనే దెబ్బ దిగుతుందని అతని సిద్ధాంతం.

మొదటి పెళ్లిలోనే దాన్ని మైక్ సెట్టుకు తగిలించాడు. ఇనుప హారన్‌లో మనిషి గొంతు పలుకుతుంది గానీ అంత లోతు సౌండు ఇమడదు. రెండో పాట అవకముందే హారన్ వెనక యూనిట్ చిరిగి బర్రుమంది. మైక్ సెట్టాయన వచ్చి అన్న కాలర్ పట్టుకున్నాడు, అన్న ఆయన మూతి పగలగొట్టాడు. ఆ తర్వాత బుద్ధి తెచ్చుకొని, బూర్గంపాడులో రేడియోలు బాగుచేసే ఒకాయన చేత పెద్ద స్పీకర్ బిగించిన చెక్కపెట్టె కట్టించుకున్నాడు. అది మోగితే మా గదిలో బియ్యం డబ్బా మూత అదిరేది. నాయన మంచం మీద పడుకొని ఆ అదురుకు సరిగ్గా కాలివేలు ఆడించేవాడు. మేం చూస్తున్నామని తెలిస్తే ఆపేసేవాడు.

ఎందుకు ఆపేవాడో మాకు తెలుసు. నాయన వయసులో ఉన్నప్పుడు వాళ్ల ఊళ్లో డప్పు కొట్టేవాడు. చావుకైనా పెళ్లికైనా పెద్దిళ్లవాళ్లు కబురు పెడితే పోవాల్సిందే. ఒకసారి జ్వరంతో పోలేకపోతే పట్టుకొచ్చి చెప్పులతో కొట్టారు. "డప్పు కొట్టకుంటే మమ్మల్నే కొట్టేటోల్లు" అని ఒక్కసారి మాత్రం చెప్పాడు మాకు. సారపాక వచ్చి బాప్తిస్మం తీసుకున్ననాడు డప్పును గోదావరిలో వదిలేశాడు. మళ్లీ డప్పు కొట్టే సిర్ర ముట్టలేదు. చర్చిలో అందరూ చప్పట్లు కొట్టినా నాయన మాత్రం చేతులు కట్టుకొని నిలబడేవాడు.

తల్లాడ అవతల ఒక ఊళ్లో పెళ్లి. మిట్టమధ్యాహ్నం, భోజనాల పందిరి పక్కనే ఆర్కెస్ట్రా. పెళ్లికొడుకు దోస్తులు తాగి వచ్చి తీన్మార్ కొట్టమన్నారు. పిల్ల మేనమామ వద్దన్నాడు. మాటా మాటా పెరిగింది, కుర్చీలు లేచాయి. ఎటూ తేల్చుకోలేక ఆర్కెస్ట్రావాళ్లు వాయించడం ఆపేశారు. ఆపడం చూసి ఆ తాగినవాళ్లలో ఒకడికి రోషం వచ్చింది. "కొట్టనోల్లకు ఈ డబ్బాలెందుకురా?" అని కొబ్బరిబొండాల దగ్గరున్న కత్తి అందుకొని గిటారు మీదికి ఎత్తాడు. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. తన మొహానికి కాదు, గిటారుకు. కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ ఆ పందిట్లోనే పోయాయి. బొటనవేలు మిగిలింది గానీ, నరం తెగి వంగడం మానేసింది.

ఖమ్మం దవాఖానాలో కళ్లు తెరిచి అన్న మొదట అడిగిన మాట, "బేస్ మీద గీత పడ్డదా?" అని. పడలేదు. నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. రెండు వేళ్లిచ్చి ఒక చెక్కను కాపాడుకున్న మనిషిని ఏమనాలి?

గాయం మానాక ఆర్కెస్ట్రావాళ్లు రావడం మానేశారు. ఒకనాడు నేను నీళ్ల బిందెతో వస్తుంటే ఇంటి వెనక చప్పుడైంది. అన్న గిటారు ఒళ్లో పెట్టుకొని ఉంగరపు వేలితో, చిటికెన వేలితో ఆ ఎత్తు తీగల్ని లాగుతున్నాడు. అవి పలకడం లేదు. అంత బలం ఆ వేళ్లకు లేదు. నన్ను చూసి గిటారు మంచం మీదికి విసిరేసి, కాసేపు నా వేళ్ల వంక చూశాడు.

"నీ ఏళ్లు పొడుగున్నయ్. ఇటు రా" అన్నాడు.

"ఆడపిల్లలు కొట్టేది గాదన్నవ్ గద?"

చెంప పగిలింది. నా పాఠాలు అలా మొదలయ్యాయి.

లారీల్లోంచి రాలిన వెదురుతో అన్న ఒక బద్ద చీల్చుకున్నాడు. నేను గిటారు పట్టుకొని కూర్చుంటే ఎదురుగా బద్ద పట్టుకొని కూర్చునేవాడు. ఎడమచేతి బొటనవేలు మెడ వెనక నడిమధ్యన ఉండాలి. మీదికి తొంగిచూస్తే దాని మీద దెబ్బ. నాలుగు వేళ్లు మెడకు అడ్డంగా ఉండే లోహపు మెట్ల మీద, నాలుగు ఫ్రెట్ల మీద, పంజాలా పరుచుకోవాలి. చిటికెన వేలు గాలిలో లేచిందా, దాని మీద దెబ్బ. కుడిచేతి వేళ్లు రెండూ నడిచినట్టు ఒకదాని తర్వాత ఒకటి పడాలి. ఒకే వేలు వరసగా రెండుసార్లు పడితే, "కుంటిదానా!" అని ముంజేతి మీద దెబ్బ. వేళ్ల చివర బొబ్బలు లేచి, పగిలి, తీగల మీద రక్తం అంటేది. "రక్తం రాకుంటే బేసే గాదు" అనేవాడు తృప్తిగా. ఒకసారి ఓపిక నశించి ఆ మొండి వేళ్ల దగ్గరే కొరికాను. అన్న కెవ్వుమన్నాడు. నాయన పని నుంచి వచ్చి ఇద్దరినీ చూసి, పొయ్యి అంటించాడు.

ఎంత కొట్టినా ఒక సంగతి నాకు అర్థమైపోయింది. తప్పు నా వేళ్లలో లేదు, తీగల ఎత్తులో ఉంది. నొక్కడానికే సగం బలం పోతే ఇక పాటకేం మిగులుతుంది? తీగల్ని మోసే బ్రిడ్జికి స్క్రూలు ఉంటాయి. వాటిని తిప్పి తీగల్ని కాస్త కిందికి దించుదామన్నాను.

"దించితే దెబ్బ దిగదు."

"పెట్టెల సౌండు పెంచుకోవచ్చు గద అన్నా. చేతితోనే అంత గట్టిగ గుద్దుడెందుకు?"

అన్న లేచి సుత్తి తెచ్చాడు. నన్నే కొడతాడనుకొని గోడకు జరిగాను. నన్ను కాదు, బ్రిడ్జి మీదున్న స్క్రూల తలల్ని ఒక్కొక్కటే చితగ్గొట్టాడు. ఇక ఏ స్క్రూడ్రైవరూ వాటిని తిప్పలేదు. "ఇగ దించు" అన్నాడు నాకేసి చూసి.

క్రిస్మస్ దగ్గరపడింది. మా చర్చిలో క్వయర్‌కి హార్మోనియం, డోలక్ ఉన్నాయి, బేస్ లేదు. అన్న పోయి పాస్టరుగారితో మాట్లాడి వచ్చి నాకు కబురు చెప్పాడు. "క్రిస్మస్ నాడు నువ్ చర్చిల కొడ్తున్నవ్. మంచిగ కొడ్తే బేస్ ఇంట్ల ఉంటది. పరువు తీస్తే అక్కడికక్కడే పగలగొట్టి పొయ్యిల పెడ్త." అనడమే కాదు, అన్నంత పనీ చేసే మనిషి. అప్పటికి ఆ ఎర్రగిటారు మీద నాకు మమకారం పెరిగిపోయింది. నన్ను అంత ఏడిపించిన వస్తువు ఇంకోటి లేదు. దాన్ని వదులుకోవడం కంటే చచ్చిపోవడం మేలనిపించేది.

పండగ ముందురోజు తీగలు చూస్తే చెమటా రక్తమూ పట్టి సౌండు చచ్చిపోయి ఉన్నాయి. కొత్త తీగలకు మళ్లీ సికింద్రాబాదు పోవాలి. పాత తీగల్ని నీళ్లలో ఉడకబెడితే మురికి వదిలి మళ్లీ మోగుతాయని అన్న ఎప్పుడో చెప్పాడు. అన్నీ ఊడదీసి అన్నం గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. నాయన వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఏంది బిడ్డా, తీగల కూర వండుతున్నవా?"

"సౌండు సచ్చింది నాయ్నా. కాగితే మల్ల లేస్తది."

"వేడికి లేస్తదా?"

"అవ్."

నాయన చాలాసేపు ఆ ఆవిరి వంక చూస్తూ నిలబడ్డాడు.

తెల్లారి గోదావరి మీంచి మంచు దట్టంగా పట్టింది. తీగలు గుడ్డలో ఆరుతున్నాయి, గిటారు బోసిగా మంచం మీద ఉంది. నేనూ అన్నా నీళ్లకు పోయి వచ్చేసరికి వాకిట్లో పొగ. నాయన గొంతుక్కూర్చొని వరిగడ్డి మంట వేసి, గిటారు మెడను మోకాలి మీద ఆనించి, మంట మీద అటూ ఇటూ తిప్పుతూ కాపుతున్నాడు. మంచుకు డప్పు మెత్తబడితే అలాగే కాపుతారు. తోలు బిగిసి ఖంగుమని మోగుతుంది. ఆ మొహంలో అంత సంతోషం నేను ముందెన్నడూ చూడలేదు.

"ముందట ఏళ్లు పెడ్తరు గద, కాలొద్దని ఎనకనే కాపిన" అన్నాడు మమ్మల్ని చూసి.

మెడ వెనక రంగు పొక్కి లేచింది. అన్న గిటారు లాక్కొని కంటికి ఆనించి చూశాడు. తిన్నగా ఉండాల్సిన మెడ వెనక్కి వంగింది. మిగిలిన వేళ్లు పిడికిలి బిగించి నాయన మొహం మీద గుద్దాడు. నాయన వెల్లకిలా పడ్డాడు. చేతులు అడ్డం పెట్టుకోలేదు, తిట్టలేదు. అన్న మీదపడి మళ్లీ గుద్దాడు. "నా ఏళ్లు పోయినయ్, ఇది గూడ పాయె! ఇది గూడ పాయె!" అని అరుస్తూ గుద్దాడు.

గూట్లో ఉన్న వెదురు బద్ద నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు. అన్న వీపు మీద, మెడ మీద, చెవి మీద, ఎక్కడపడితే అక్కడ కొట్టాను. బద్ద విరిగేదాకా కొట్టాను. నాకు నాయన మీద ప్రేమ అంత ఉందని ఆ రోజే తెలిసింది. అన్న మీద అసహ్యం కూడా అంతే ఉంది. విరిగిన ముక్కను అన్న మీదికే విసిరి, గిటారు తీసుకొని లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకున్నాను.

ఏడుస్తూనే తీగలు ఎక్కించాను. బిగించి చూస్తే నా ఏడుపు ఆగింది. మెడ వెనక్కి వంగడంతో తీగలు మెడకు దగ్గరపడ్డాయి. నొక్కనక్కర్లేదు, వేలు ఆనిస్తే చాలు. అలవాటు కొద్దీ గట్టిగా ఒకటి కొట్టాను. తీగ పోయి ఫ్రెట్లకు తగిలి గరగరమంది. మెల్లగా లాగాను. నున్నగా, నిండుగా పలికింది. ఇక ఈ గిటారును కొట్టడానికి వీల్లేదు, వాయించాల్సిందే.

చర్చిలో పెట్టె సౌండు పెంచి, చెయ్యి తేలిక చేసి వాయించాను. వేళ్లు తప్పలేదు. ముందు బెంచీలో నాయన ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి కూర్చున్నాడు. రెండో పాటలో చూద్దును కదా, కట్టుకున్న చేతులు విడిపోయి ఉన్నాయి. అరచేయి బెంచీ చెక్క మీద పడుతోంది. నేను ఆ చేతి వెంటే వాయించుకుంటూ పోయాను. వెనక గోడకు ఆనుకొని కూర్చున్న అన్న పాట మధ్యలోనే లేచి బయటికి పోయాడు. బేస్ నిలిచిందో పగులుతుందో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి అన్న గడప మీద కూర్చొని ఉన్నాడు. చెవి దగ్గర రక్తం గడ్డకట్టింది. "ఇటు ఇయ్యి" అన్నాడు. నేను గిటారు రెండు చేతులతో పట్టుకొని వెనక్కి జరిగాను. "పగలగొట్టన్లే. ఇయ్యి" అన్నాడు మళ్లీ. గొంతు కొత్తగా ఉంది.

ఒళ్లో పెట్టుకొని ఉంగరపు వేలు తీగ మీద వేశాడు. పలికింది. చిటికెన వేలు వేశాడు. అదీ పలికింది. రెండింటినీ నడిపించాడు. కుంటుతూ, ఆగుతూ నడిచాయి. అన్న ఏడ్చాడు. సిగ్గు లేకుండా, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా ఏడ్చాడు. అన్నింటికంటే లావు తీగ దగ్గరకు వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. దాన్ని కదిలించేంత బలం వాటికి లేదు. అది ఇంకాస్త దిగాలి. బ్రిడ్జి మీది స్క్రూల వంక చూసుకున్నాడు, తనే చితగ్గొట్టిన వాటి వంక.

నాకు అప్పుడే తెలిసిపోయింది, ఇక ఈ గిటారు నాది కాదని. పొద్దున నిలబెట్టుకున్నది మధ్యాహ్నానికే చేజారిపోతోంది. లాక్కోవాలనిపించింది. లాక్కుంటే అన్న ఇచ్చేసేవాడే.

"నాయ్నా" అన్నాడు అన్న, తల ఎత్తకుండా. "ఇంగ జర కాపుతవా?"

నాయన మిగిలిన మంచి కన్నుతో కొడుకును చూశాడు. చూసి వాకిట్లో పొద్దుటి బూడిద దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "గడ్డి అయిపాయెగదరా" అన్నాడు.

గడ్డి నేనే తెచ్చాను.