ధాన్యం కొట్టులో విస్తళ్లు

వేసవి చివర కాలవకు నీళ్లు వదిలిన రోజున బందరు రోడ్డు మీద బస్సులో పోతుంటే కిటికీలోంచి ఒక వాసన వస్తుంది. ఎండి బీటలు వారిన అడుగుమట్టి మీదికి కొత్తనీరు ఎక్కుతున్నప్పటి వాసన. మొన్న పక్క సీటాయన ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం తల బయటికి పెట్టి కండక్టరు చేత చివాట్లు తిన్నాను. ఈ వయసులో నాకది అవసరమా అంటే, అవసరమే. ఆ వాసన తగిలితే మస్తాన్ గారు గుర్తొస్తారు. ఊరికే గుర్తొచ్చి పోరు, ఒక పాత చిక్కుముడిని మళ్లీ చేతిలో పెట్టి మరీ పోతారు. ఇన్నేళ్లయినా దాన్ని విప్పడం నా వల్ల కాలేదు.

మస్తాన్ గారు పత్రికలకు రాసి బతికేవారు. ఏ పత్రికలోనూ ఉద్యోగం లేదు, అడిగినవాళ్లకల్లా రాసేవారు. బెజవాడ వన్‌టౌన్‌లో మా నాన్నగారి బట్టల కొట్టు పైగదిలో అద్దెకుండేవారు. అంతకుముందు రైల్వే పార్సిలాఫీసులో గుమాస్తాగా చేశారు. అది మానేసి నాటకాల కంపెనీలో చేరి, తెరపక్కన నిలబడి నటులు మరిచిపోయిన మాటలు అందించారు. నేనెరిగిన నాటికి మద్రాసు పత్రికలకు మిర్చి, పసుపు ధరలు పంపేవారు. సినిమా హాలుకు కరపత్రాలు రాసేవారు. ఒక తలనూనెకు ప్రకటన కూడా రాశారు, ఆయన నెత్తిన మాత్రం నాలుగు వెంట్రుకలు లేవు. ఇవన్నీ పొట్టకోసం. ప్రాణం మాత్రం ఊళ్లు తిరిగి రాయడంలో ఉండేది. పడవెక్కి, ఎడ్లబండెక్కి, ఏదీ దొరక్కపోతే కాలినడకన పోయేవారు. మైలవరం సంతలో గిత్తల బేరం గురించీ, కూచిపూడిలో తెల్లారకుండానే వినిపించే తాళం గురించీ ఆయన రాస్తే, మేము ఎరిగిన ఊళ్లే మాకు కొత్తగా కనిపించేవి. ఇరవై దాటిన నాకు కొట్టులో గజంబద్ద పట్టుకుని నిలబడటం రోత పుట్టింది. ఆయనలా బతకాలనిపించింది. ఆ మాట చెబితే, "ముందు నాతో ఒక ఊరు వచ్చి చూడవోయ్. ఆ తర్వాత మీ నాన్నగారితో పోట్లాడుదువు గాని" అన్నారు.

అలా వెళ్లిన ఊరు ఉయ్యూరు దాటాక కాలవగట్టు మీద ఉంది. మేం వెళ్లిన రోజునే కాలవకు కొత్తనీరు వదిలారు, దారంతా ఆ వాసనే. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పట్నంలో బియ్యానికి కంట్రోలు, షాపు ముందు బారులు. ఆ ఊళ్లో వెంకాయమ్మ గారని, భర్త పోయాక సేద్యమంతా తనే చూసుకుంటున్నావిడ, మమ్మల్ని భోజనానికి పిలిచింది. మస్తాన్ గారు సాయిబు కనక ఆయనకు వసారాలో విస్తరి వేశారు. ఆ రోజుల్లో అది మామూలే. నన్ను లోపలికి రమ్మన్నా నేను ఆయన పక్కనే కూర్చున్నాను. కందిపప్పు, గోంగూర, గడ్డపెరుగు. ఆవిడే దగ్గర నిలబడి వడ్డించింది.

"సాయిబుగారూ, మొహమాటపడకండి. పట్నంలో ఏం తింటన్నారో ఏమో!"

"కంట్రోలు బియ్యమేనమ్మా. మెతుకులకంటే రాళ్లే ఎక్కువ."

"అయ్యో రాత! మా ఊరొచ్చి ఆ బాధేంటండీ?" అని నవ్వి, వసారా పక్కనున్న ధాన్యం కొట్టు వైపు చెయ్యి చూపింది. "అటు చూడండి. తలుపు తీస్తే కాళ్లమీద పడుద్ది."

మస్తాన్ గారు ఆ మాటను ఉన్నదున్నట్టు రాశారు. ఊరి పేరు, ఆవిడ పేరు, పెరుగు రుచి, కాళ్లమీద పడే ధాన్యం, ఏదీ వదల్లేదు. మెచ్చుకునే రాశారు. మా అమ్మ అది రెండుసార్లు చదివించుకుంది. వారం తిరక్కుండా ప్రభుత్వపు మనుషులు ఆ ఊళ్లో దిగారు. ఇంటి తిండికీ విత్తనానికీ ఉంచి మిగిలింది సర్కారు కట్టిన ధరకు తీసుకుని పట్నాల షాపులకు పంపడం అప్పటి ఏర్పాటు. వచ్చిన అధికారి జేబులోంచి పత్రిక తీసి, "కాళ్లమీద పడే గది ఏదండీ?" అని నవ్వుతూ అడిగాడట. ధాన్యం పడవకెత్తారు.

మా కొట్టుకు బట్టల కోసం వచ్చిన ఆ ఊరి రైతు ఈ సంగతంతా చెప్పి, "మీ మేడమీద సాయిబు సర్కారు మనిషంట గదా!" అన్నాడు. వానాకాలంలో పనుల్లేనప్పుడు కూలీలకు కొలిచి ఇవ్వడానికే ఆవిడ ఆ గింజలు దాచిందని అతను ఒట్టేసి మరీ చెప్పాడు. తర్వాత వచ్చిన ఇంకొకతను, అదీ ఆ ఊరివాడే, "కూలీలకా? ధర పెరిగితే దొంగచాటుగా అమ్ముకుందామని!" అని కొట్టిపారేశాడు. ఎవరిని నమ్మాలో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం మస్తాన్ గారు మా మెట్లమీద కూర్చుని, "ఏమోయ్, నేను చేసింది తప్పేనంటావా?" అని అడిగారు. తప్పేనందామని నోరు తెరిచాను. ఇంతలో అమ్మ కంట్రోలు షాపు నుంచి సంచీతో వచ్చింది. "ఈ వారం బియ్యం ఎంత బావున్నాయిరా! ఒక్క రాయి లేదు" అంటూ గుప్పెడు తీసి మా ఇద్దరికీ చూపించింది. చాలా రోజుల తర్వాత ఆవిడ ముఖంలో సంతోషం చూశాను. అవి వెంకాయమ్మ గారి గింజలేనని ఎవరు చెప్పగలరు? కావని మాత్రం ఎవరు చెప్పగలరు? నేను లేచి అమ్మ చేతిలో సంచీ అందుకున్నాను. మస్తాన్ గారు ఒక గింజ తీసుకుని వెలుగుకు పెట్టి చూశారు.

ఊళ్లో తలుపులు తెరుచుకుంటేనే ఆయన రాత. సర్కారు మనిషన్న పేరు కాలవ వెంట పది ఊళ్లకు పాకితే ఇక ఎవరూ కూర్చోమనరు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా ఆయన్ను కుంగదీసింది అది కాదనే నాకనిపించేది. ఆవిడ ముఖం ఎదురుగా చూడకుండా ఇంకో ముక్క రాయలేనన్నారు. "నువ్వూ రా. ఈ పనిలోకి రావాలనుకుంటున్నావుగా, ఇదీ చూడు" అన్నారు. దారిపొడుగునా నాకు భయమే. ఆవిడ తిడుతుందనీ, పాలేళ్ల చేత తరిమిస్తుందనీ అనుకున్నాను.

వెంకాయమ్మ గారు తిట్టలేదు. కాళ్లకు నీళ్లిచ్చింది. మస్తాన్ గారు చేతులు కట్టుకుని, "అమ్మా, నా రాత వల్ల మీకు..." అని మొదలుపెట్టగానే, "ఎండన పడి వచ్చారు. భోంచేద్దురు గాని రండి" అని అడ్డుకుంది. ఆయన అలవాటుగా వసారాలో కూర్చోబోయారు.

"అక్కడ కాదు సాయిబుగారూ. ఇప్పుడు చోటుందిగా, లోపలే కూర్చోండి."

ధాన్యం కొట్టు తలుపు తీసింది. గది ఖాళీగా ఉంది. శుభ్రంగా ఊడ్చి ఉంది. దాని నడిమధ్య పక్కపక్కనే రెండు విస్తళ్లు వేయించి, మళ్లీ తనే వడ్డించింది. అదే పప్పు, అదే పెరుగు, మల్లెమొగ్గల్లాంటి అన్నం. మస్తాన్ గారు ముద్ద కలిపి పట్టుకుని, "అమ్మా, మీరు నన్ను దెప్పుతున్నారా, మన్నిస్తున్నారా? ఏదో ఒకటి చెప్పండి" అన్నారు.

"అన్నం చల్లారిపోతంది, తినండి" అంది ఆవిడ.

తిరుగుదారిలో పడవలో ఉండబట్టలేక, ఆవిడకు కోపం పోయినట్టేనా అని అడిగాను. "నాకేం తెలిసిందోయ్! మొన్న సాయిబునని వసారాలో పెట్టినావిడ, ఇవాళ లోపల కూర్చోబెట్టింది. అది గౌరవమా, శిక్షా? కడుపు మాత్రం నిండింది" అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆయన తిరగడం మానలేదు, ఊళ్ల పేర్లు రాయడమూ మానలేదు. పేరు దాస్తే అది కథవుతుంది గాని రాత కాదనేవారు. ఒక్కటి మాత్రం కొత్తగా పట్టుకున్నారు. అచ్చయ్యాక, ఎవరి గురించి రాశారో వాళ్లింటికి మళ్లీ వెళ్లి, ఏమన్నా పడదామని ఎదురుగా కూర్చునేవారు. నేను నాన్నగారితో పోట్లాడి ఈ పనిలోకే వచ్చాను. మస్తాన్ గారు పోయి చాలా కాలమైంది. రాసిన ప్రతి ఇంటికీ నేనూ మళ్లీ వెళ్తాను. కొందరు తలుపు తీయరు. వాళ్ల సంగతి నాకు తెలిసిపోతుంది, దణ్ణం పెట్టి వచ్చేస్తాను. లోపలికి పిలిచి, పీట వేసి, కడుపునిండా పెట్టినవాళ్లే నాకు ఈనాటికీ అర్థం కారు.