చాయ్ చక్కర్ కొట్టిన ఓడ

దయ్యాలు, భూతాలు అంటే నాకు ముందు నుంచీ నవ్వే. మా అత్తమ్మ నిమ్మకాయలు దిగదీస్తుంటే "గా నిమ్మకాయలతోటి పులిహోర చేస్తే అయిపోతది కదా" అనేదాన్ని. ఇప్పుడు గిది చెప్తే నన్ను చూసి మీరు నవ్వుతరు. నవ్వండ్రి, ఫికర్ లేదు.

నేనుండేది ఎల్‌బీ నగర్‌ల. మా తమ్ముడు శీను దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక్కడే కిరాయికి ఉంటడు. మాది నల్గొండ దిక్కు. అమ్మ పోయినంక ఇద్దరం ఫోన్‌ల మాట్లాడుకుంటే ఏడుపే. అందుకే వాడు నాకు కంప్యూటర్‌ల ఓడల యుద్ధం ఆట నేర్పిండు. "నలభై ఏండ్లొచ్చినయి, ఫిరంగులు పేల్చుడేందే" అని మా ఆయన ఒకటే ఎక్కిరిస్తడు. పేలుస్త, నా ఇష్టం.

నాది పెద్ద యుద్ధనౌక. వాడిది నురెంబర్గ్ అనే జర్మన్ లైట్ క్రూజర్, నా దానికంటె చిన్న యుద్ధనౌక. గబగబ కొడతది గని దాని తోలు పల్చన, నాలుగు దెబ్బలకే మునుగుతది. అయినా ఎప్పుడూ నా పక్కన్నే ఉండి కాపలా కాస్తడు. ఆట నడుమ పొయ్యి మీది చాయ్ పొంగొస్తే, ఓడను ఒక దిక్కు తిప్పి వదిలేసి లేచిపోతడు. అది గుండ్రంగ తిరుగుతనే ఉంటది, ఎవరికీ గురి దొరకదు. దాన్ని మేం చాయ్ చక్కర్ అంటం. జరసేపటికే గ్లాసు పట్టుకొని వస్తడు.

ఆ ఆదివారం పొద్దున నేను ఆట మొదలువెట్టంగనే వాడి ఓడ నా పక్కకొచ్చింది. మెసేజ్ పెడితే జవాబు లేదు. కొంచెంసేపటికి చక్కర్ మొదలైంది. చాయే గదా అనుకున్న. ఎంతకూ ఆగదు. శత్రువులు ఎదురుంగనే ఉన్నరు, ఒక్కడన్న దాన్ని కొడతలేడు.

"ఏడ సచ్చినవ్‌రా" అనుకుంట ఫోన్ చేసిన. ఎత్తలే. మళ్ల చేసిన, మళ్ల ఎత్తలే. ఆ తిట్టు తిట్టినందుకు తర్వాత చెంపలేసుకున్న.

"పండుకున్నడేమో" అన్నడు మా ఆయన.

"పండుకున్నోడు ఓడెట్ల నడుపుతడు? బండి తియ్యి" అన్న. కొత్తపేట ట్రాఫిక్‌ల ఎంతమందిని తిట్టిన్నో నాకే తెల్వదు.

పోయి చూస్తే తలుపుకు లోపల గడియ. బాత్రూంల నీళ్ల చప్పుడు. మా ఆయన, ఇంటి ఓనరు కలిసి ఇంటి తలుపు, బాత్రూం తలుపు రెండూ పగలగొట్టిన్రు. తమ్ముడు సోయి లేకుండ పడి ఉన్నడు. చలిగుందని కిటికీ మూసి గ్యాస్ గీజర్ పెట్టుకున్నడు. దాని నుంచి విషపు గ్యాస్ నిండిందని, ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కకపోయేటోడని దవాఖానల డాక్టరమ్మ చెప్పింది.

సాయంత్రం కండ్లు తెరిచి, "అక్కా, జర చాయ్ దొరుకుతదా?" అన్నడు. నవ్విన్నో ఏడ్చిన్నో గుర్తు లేదు. పాణం లేచొచ్చింది.

"ఓడ నడుపుకుంట స్నానానికెందుకు పోయినవ్‌రా?" అని అడిగిన.

"ఓడేందక్కా? సిస్టమ్ పాడైతే మొన్ననే రిపేర్‌కిచ్చిన. నీకు చెప్పుడే మరిచిన."

వాడింటికి పోయి చూసిన. నిజమే, బల్ల మీద వైర్లు తప్ప ఏం లేవు. ఆ ఆట ఫోన్‌ల రాదు. రిపేర్ షాపు ఆదివారం బంద్. పాస్‌వర్డ్ ఇంకెవ్వరికీ తెల్వదు. వేరేవాళ్ల ఓడ చూసినవంటడు మా ఆయన. పేరు వాడిదే, నా కండ్లతోటి చూసిన. మా అత్తమ్మ "మీ అమ్మే వచ్చింది" అంటది. మా అమ్మకు టీవీ రిమోటే నొక్కరాకపోయేది. ఎట్లయిందో నాకైతే ఇప్పటికీ తెల్వదు.

గ్యాస్ గీజర్ తీసేయించిన. ఇద్దరం మళ్ల ఆడుతున్నం. వాడి ఓడ తిరుగుడు మొదలువెట్టంగనే నేను ఫోన్ కలుపుత. "చాయేనే అక్కా, నీకో దండం" అంటడు. గ్లాసుల చెంచా తిప్పిన చప్పుడు వినిపించేదాక ఫోన్ పెట్టెయ్య.